గాలివాన ఎటు వెళ్ళింది?

అంకమ్మరావు కళ్ళు తెరిచేసరికి రేవంతా గోలగోలగా ఉంది. పడవలన్నీ ఇసకలోకి లాగేస్తున్నారు. ఆడవాళ్ళు తట్టలూ పిల్లలూ సర్దుకుని ఊళ్ళోకి పరిగెడుతున్నారు.

తలెత్తి చూశాడు. చివాల్న లేచి కూర్చున్నాడు.

జెండా స్తంభం చిటారున, నల్లగా, గుండ్రంగా, గాలివాన గుర్తు వేలాడుతోంది. దాని చుట్టూ కాకులూ గద్దలూ ఒకటే తిరుగుడు.

"పక్షులకి ముందే తెలిసిపోద్ది బావా," అంటున్నాడెవడో.

బందరు పక్కనున్న ఆ చిన్న రేవులో, గాలివాన వస్తోందంటే స్తంభానికి నల్ల గుర్తు ఎత్తడమే అంకమ్మరావు ఉద్యోగం. తను ఎత్తలేదు. తను నిద్రపోతున్నాడు. మరి ఎవరెత్తినట్టు? ఇంకెవరు, రేవు ఆఫీసరు కృపానందం గారే అయ్యుండాలి! కిందటి నెల డ్యూటీలో గుర్రుపెడుతూ దొరికినప్పుడు, "మళ్ళీ దొరికావో, ఉద్యోగం ఊడుతుంది" అని ఆయన చెప్పనే చెప్పారు.

కాస్త లేపొచ్చుగా అని పెళ్ళాన్ని అడుగుదామంటే, సుబ్బాయమ్మ రాత్రి నుంచి మాట్లాడ్డం లేదు. ఆఫీసరు గారి పెంపుడు పిల్లి రోజూ వంటింట్లో దూరుతోందని ఆవిడ గొడవ. "దాని సంగతి మీరు చూస్తారా, నన్ను చూసుకోమంటారా?" అంది. దొరగారి పిల్లిని తనేమనగలడు? "నువ్వే చూసుకో" అని ముసుగుతన్నాడు.

పొద్దెక్కింది. గాలి లేదు, వాన లేదు. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. ఎండ మాడ్చేస్తోంది. జెండా కబురు మాత్రం తొలి బస్సుతోనే ఊళ్ళన్నీ పాకిపోయింది.

అప్పటికి రేవులో జనం భయం కాస్తా కోపమైంది. పడవలవాళ్ళ పెద్ద గంగన్న నలుగురిని వెంటేసుకుని ఆఫీసరు గారి ముందుకొచ్చాడు.

"గాలివాన ఏదండీ? చేపలు ఒడ్డుదాకా వచ్చి ఎగురుతున్నాయి. మా పడవలేమో ఇసకలో పడుకున్నాయి. సాయంత్రంలోగా చూపించకపోతే కలెక్టరు గారి దగ్గరికెళ్తాం."

"దారి మళ్ళి ఉంటుందయ్యా," అన్నారు కృపానందం గారు చెమట తుడుచుకుంటూ. "పద, వెళ్ళి చూసొద్దాం. ఎక్కడో అక్కడ కొట్టకుండా ఉంటుందా!"

అలా ముగ్గురూ జీపెక్కి గాలివానను వెతకడానికి బయల్దేరారు. నడిపేది ఆఫీసరు గారు. పక్కన సాక్షిగా గంగన్న. వెనక సీట్లో అంకమ్మరావు, ఒక్క గాలివాన దొరికితే చాలు దేవుడా అని మొక్కుకుంటూ. అది దొరికితే ఎవరూ ఏమీ అడగరు. దొరక్కపోతే ఆరాలు మొదలవుతాయి. ఆ ఆరాలు తిన్నగా తన మంచం దగ్గరికే వస్తాయి.

"భలే కనిపెట్టావోయ్," అన్నారు దొరగారు దారిలో. "తెల్లవారుజామున నిద్ర మానుకుని మరీ!"

ఎత్తిపొడుస్తున్నారనుకున్నాడు అంకమ్మరావు. "అంతా తమ దయండి," అని తల వంచుకున్నాడు.

పెడనలో ఆరేసిన అద్దకం బట్టలన్నీ లోపలికి లాగేసి, తలుపులు బిగించుకుని కూర్చున్నారు. "ఇటు రాలేదండీ, గుడివాడని కొట్టేసిందట," అన్నాడో ముసలాయన కిటికీలోంచి.

గుడివాడలో కొట్లన్నీ మూసేశారు. ఒక హోటలాయన మాత్రం తలుపు ఓరగా తీశాడు. "ఇప్పుడే వెళ్ళిందండీ. ఏం గాలి, ఏం గాలి! దివిసీమ మీదికి పోయింది." ఆయన వెనక తీగ మీద ఆరేసిన పంచె ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతోంది.

కృపానందం గారి మొహం వెలిగిపోయింది. "విన్నావా గంగన్నా!"

జీపు పామర్రు మీదుగా పులిగడ్డ దాటి అవనిగడ్డ చేరింది. అక్కడ వీధి వీధంతా బడి మేడ మీద ఉంది, మేకలతో సహా. కింద వరండాలో అన్నమ్మ పంతులమ్మ పెద్ద గిన్నెలో గంజి కాస్తోంది.

"ప్రభువు దయవల్ల మమ్మల్ని తాకకుండా పోయిందండీ," అంది. "బందరు తుడిచిపెట్టుకుపోయిందటగా, పాపం! మీరెలా బతికి బయటపడ్డారు? కూర్చోండి, గంజి తాగుదురుగాని."

ముగ్గురూ తాగారు. ఏం చేస్తారు, ఆకలి మరి. బతికి బయటపడ్డ ఆ ముగ్గురి కోసం ఆవిడ ప్రార్థన కూడా చేసింది. గంగన్న కూడా మర్యాదగా కళ్ళు మూసుకున్నాడు.

లేచి బయటికొచ్చేసరికి దక్షిణాన ఒక మబ్బు కనిపించింది. దుప్పటంత ఉంటుంది.

"అదిగో!" అని ఆఫీసరు గారు జీపును చేలగట్టు మీదికి ఎక్కించేశారు. మబ్బు ముందు, జీపు వెనక. కాలవ అడ్డొస్తే దిగి, మోకాలిలోతు నీళ్ళలో పడి పరిగెత్తారు. చివరికి ఒక వరిచేలో దాన్ని అందుకున్నారు. నాలుగు చినుకులు పడ్డాయి. గంగన్న వాటిని అరచేత్తో పట్టి దొరగారికి చూపించాడు.

"ఇదేనాండీ?"

అంకమ్మరావుకి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు కూడా.

పొద్దుగూకే వేళకి ముగ్గురూ తిరిగొచ్చారు. రేవు రేవులాగే ఉంది. జెండా స్తంభం మాత్రం బోడిగా ఉంది.

"ఎవరు దించమన్నారు?" అని గర్జించి, కృపానందం గారు అంకమ్మరావు వైపు తిరిగారు. "అసలు పొద్దున ఎవరి ఆర్డరు మీద ఎత్తావు?"

"నేనా? తమరే ఎత్తారనుకున్నానండీ!"

"నేనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగన్న ఇద్దరి మొహాలూ చూశాడు.

స్తంభం పక్కనే అంకమ్మరావు ఇల్లు. లోపల్నుంచి పులుసు వాసన గుప్పుమంది. గుమ్మం ముందు దొరగారి పిల్లి దిగులుగా కూర్చుని ఉంది. మసకచీకట్లో మొగుడొక్కడే వచ్చాడనుకుని సుబ్బాయమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"పిల్లి సంగతి నన్నే చూసుకోమన్నారుగా, తెల్లారకముందే ఆ పొగచూరిన ఎండుచేపల బుట్టకి మూత బిగించి మీ జెండా తాడుతో చిటారుకి లాగేశానండీ, ఒక్క ముక్క పోతే ఒట్టు!"