బిజీ వచ్చిన ఫోను

తల్లి ప్రాణం పోతుంటే సుధాకర్ ఫోనులో ముచ్చట్లు పెట్టుకున్నాడు. అడిగినవాళ్లందరికీ ఉప్పలయ్య చెప్పే మాట ఇదే. ఆ పొద్దు సూర్యాపేట దవాఖాన వరండాలో నిలబడి కొడుకు నంబరు నొక్కింది తనే. నొక్కిన ప్రతిసారీ బిజీ. అప్పటికి కొన్ని రోజులుగా భార్య పెంటమ్మకు మాట లేదు. మంచం పక్కన కూర్చుని అతనొక్కడే మాట్లాడేవాడు. నర్సు లోపలికి పిలిచేసరికి ఆమె పోయింది.

ఆనాటి నుంచి కొడుకును మునగాల ఇంటి గడప తొక్కనివ్వలేదు. ఈ రోజు పెంటమ్మ సంవత్సరికం. మిర్యాలగూడ మిల్లులో సెలవు పెట్టి వచ్చిన సుధాకర్ వాకిట్లో బండి పక్కనే ఆగిపోయాడు. కోడలు స్వాతి ఒక్కతే లోపలికి వచ్చింది.

“ఆయన్ను జర లోపలికి రానియ్యున్రి మామా. కొడుకు లేకుంటె అత్తమ్మకు ఏడాది ఎట్ల చేస్తరు?”

“ఫోన్ల చెయ్యమను. వానికి అలవాటే గద.”

“ఏడాది సంది గదే మాట.”

“సచ్చేదాంక గదే మాట. ఎవలతోని మాట్లాడినవ్‌రా అని నలుగుర్ల అడిగిన. నోరిప్పలే.”

“చెప్తె మీరు తట్టుకోరని.”

“నేనా? రోగమొచ్చి సగం గొర్ల మంద పోతె తట్టుకున్న. గీ ముచ్చటకు తట్టుకోనా?”

స్వాతి వాకిలి వైపు చూసింది. సుధాకర్ వద్దన్నట్టు తల ఊపాడు. అయినా ఆమె ఆగలేదు.

“అత్తమ్మతోనే మాట్లాడిండు మామా. పక్క మంచం ఏసమ్మ ఫోను అడుక్కొని ఆమెనే చేసింది. బువ్వ తిన్నవా, మనుమరాలు నడుస్తుందా అని అన్నీ అడిగిందట. మీతోని మాట్లాడనామె తనతోని మాట్లాడిందంటె మీ పాణం ఇరుగుతదని గిన్నొద్దులు తిట్లు పడ్డడు.”

ఉప్పలయ్య లేచి తలుపు రెక్క పట్టుకున్నాడు. స్వాతి ఆశగా పక్కకు జరిగింది. అతను వాకిట్లో ఉన్న కొడుకును ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేశాడు.

“ఇగ ఈ ముచ్చట నేనూ ఎత్తను, మీరూ ఎత్తొద్దు,” అన్నాడు. “ఏసమ్మ నాకు ఆనాడే చెప్పింది.”