ఆగి అడిగే పాఠం

సైన్సు టీచరు ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా, తన క్లాసులోనే చదివే కూతుర్ని నిలదీసింది.

"జవాబులు బయటపెట్టింది నువ్వేనా?"

"నేనెందుకు పెడతానమ్మా!"

సెలవులన్నీ ధారపోసి ఆమె తయారుచేసిన వీడియో పాఠం అది. మధ్యమధ్యలో ఆగి ప్రశ్న అడుగుతుంది. జవాబు నొక్కితేనే ముందుకు కదులుతుంది. ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో టీచరుకు తెలిసిపోతుంది. తీరా చూస్తే క్లాసు మొత్తానికీ అన్నీ పచ్చ టిక్కులే. ఆఖరి బెంచీ మొద్దావతారాలు కూడా పాఠం వినకుండానే ఠకఠకా నొక్కేశాయి. కూతురికి మాత్రం ఒకే ఒక్క ప్రశ్న దగ్గర ఎర్ర గుర్తు.

"జవాబులున్న కంప్యూటరు మీ ఇంట్లోనే కదమ్మా ఉండేది? ఎవరి పనో తేలేదాకా ఈ వీడియోలు ఆపేయండి," అని ఆ మధ్యాహ్నమే బడిలో అన్నాడు హెడ్మాస్టరు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"అనుమానం రాకూడదని ఒకటి కావాలనే తప్పు చేశావు కదూ? నా దగ్గరా నీ తెలివితేటలు?" అని కూతురి మీద విరుచుకుపడింది.

"పోనీలే, చిన్నపిల్ల," అని భర్త సర్దిచెప్పబోయాడు. మేడమీద అదే క్లాసు పిల్లలకు ట్యూషన్ చెబుతాడాయన. కూతురి మీద ఈగ వాలనివ్వడు.

మర్నాడు పొద్దున్నే కూతురు తల వంచుకుని ఒప్పేసుకుంది. ఆమె గుండె చివుక్కుమంది. పరాయి పిల్ల చేసినా ఇంత బాధపడేది కాదు. కన్నకూతురే వెన్నుపోటు పొడిచింది! క్లాసు ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించింది. పిల్ల చెప్పింది. బెంచీల్లో ఒక్కరూ తలెత్తలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, ప్రశ్నలు మారుద్దామని వీడియో తెరిచింది. 'నీళ్లు మరిగితే ఏమవుతాయి?' అని ఆగింది పాఠం. 'ఆవిరి' నొక్కింది.

ఎర్ర గుర్తు పడింది.

తయారుచేసేటప్పుడు తనే పరాకుగా 'మంచు'ను సరైన జవాబుగా పెట్టేసింది. జవాబులు ముందే అందినవాళ్లంతా కళ్లు మూసుకుని మంచు నొక్కారు. సొంతంగా ఆలోచించి ఆవిరి అన్నది కూతురొక్కతే.

పరుగున వెళ్లి పిల్లను దగ్గరికి లాక్కుంది.

"జవాబులు నువ్వసలు చూడనే లేదు. మరి ఎందుకు ఒప్పుకున్నావే?"

పిల్ల వెక్కుతూ గొంతు తగ్గించింది.

"'నువ్వు ఒప్పుకోకపోతే నా ట్యూషన్ మూతపడుతుంది తల్లీ' అని నాన్న ఏడ్చాడమ్మా."