నలభయ్యో రకం చీమ

ఇప్పుడు ఏ లోయ ఉండాలో, ఏది జలాశయంలో మునగాలో చీమల లెక్కే తేలుస్తుంది. నలభై రకాలుంటే వదిలేస్తారు. ఈ ఉదయం మా లోయంతా పాకుతూ చీమల్ని లెక్కపెట్టిన యంత్రం ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది.

"ఎర్ర చీమ నేదేటి?" అంటూ మా మామ సుక్రయ్య పనసచెట్టు పైకి చూశాడు. "లోయకంతా ఒక్క గూడు. మొన్న కూడా ఉండీది కదే!"

మొన్నే నా పాప దగ్గుతో ఎగపోసింది. అమ్మ నాకు చేసినట్టే ఆ గూడు దులిపి, చీమల్ని నూరి, చారు కాచి పట్టాను. దగ్గు తగ్గింది.

"నానే దులిపీసినాను మామా," అన్నాను.

మామ తిట్టలేదు. నిద్రలేచిన పాపను నా చేతుల్లోంచి తీసుకుని, "మునిగీలోపు దీనికి లోయంతా ఓపాలి సూపించుకొత్తాను," అంటూ బయలుదేరాడు.