సరిచూడని సవరణ

ప్రశ్నోత్తరాల సైటులో ఇతరులు సూచించే సవరణలను పరిశీలించడం రిటైరైన సైన్సు మాస్టారికి రాత్రి కాలక్షేపం. స్వయంగా సరిచూడనిదే దేన్నీ ఒప్పుకోరు. "దేవుడే దిగొచ్చి దిద్దినా, ఆధారమేదీ అంటారు మీరు" అని రాత్రిపూట గ్లాసులో పాలు కలుపుతూ భార్య దెప్పేది. ఆమె పోయాక ఆ ఇంట్లో ఆయనతో వాదించేవారే లేరు.

ఆ రాత్రి ఆయన పాత జవాబుకే ఒక సవరణ వచ్చింది. ఒంటరి ఇంట్లో రాత్రిపూట చప్పుళ్లెందుకని ఎవరో అడిగితే, చలికి చెక్క ముడుచుకుంటుందనీ, అక్కడ ఎవరూ ఉండరనీ ఆయన రాశారు. ఆ చివరి మాట కొట్టేసి, "వంటగదిలో నేనున్నాను" అని ఎవరో చేర్చారు.

ఆకతాయి పని అనుకుని, "ఆధారం లేదు" అంటూ తిరస్కరించారు.

వంటగదిలో గ్లాసుకు చెంచా తగిలిన చప్పుడైంది. మళ్లీ నిశ్శబ్దం.

వెంటనే ఇంకో సవరణ వచ్చింది. "వినబడింది కదండీ. వచ్చి చూసుకోండి, మీ పద్ధతి ప్రకారమే."

మాస్టారు సగం లేచారు. వెళితే అక్కడ ఎవరూ ఉండరని ఆయనకు తెలుసు. చూశాక తిరస్కరించక తప్పదు.

మెల్లగా మళ్లీ కూర్చున్నారు. వంటగది వైపు తల తిప్పకుండానే "ఆమోదం" నొక్కారు.

లోపల, గ్లాసులో చెంచా తిరిగే చప్పుడు తీరిగ్గా మొదలైంది.