తోడు పెట్టిన గింజలు

బిందె నీళ్లలో ముంచిన పరీక్ష కాగితం ఇంకా ఎర్రగానే ఉంది. గింజల సంచీ అందులో వేసి గంటయింది. రోజూ పది నిమిషాలకే విషం పోయి తెల్లబడేది. చంకలో పిల్లది గుక్కపెట్టి ఏడుస్తోంది. పాలపొడి కలపడానికి ఈ నీళ్లే దిక్కు.

మిరపతోటల పురుగుమందు దిగని బావి మా ఊళ్లో లేదు. ఆ మందుని విరగ్గొట్టే ఎంజైములను పూసల్లాంటి గింజలకి గట్టిగా బంధించి, మా వీధిలో ఇంటికో సంచీ, నీళ్లు పరీక్షించే కాగితాలూ ఇచ్చారు. ఎన్నిసార్లు ముంచినా కరగవు, కొట్టుకుపోవు, ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

సంచీ పైకి తీశాను. సగం ఖాళీ.

"అత్తా, గింజలేవి?"

మా అత్త కోటిరత్నం తల వంచుకుంది. "వెనక వీధిలో సంచీలు అందనివాళ్లు నిన్న అడిగారే. ఏడిళ్లకీ తలా ఒక చెంచా పెట్టాను. తోడు అడిగితే లేదనకూడదు కదా."

"ఇదేమన్నా పెరుగు తోడా? చెంచాడు వేస్తే తెల్లారేసరికి గిన్నె నిండడానికి అవేమన్నా బతికున్నాయా?"

"ఇన్నేళ్లూ అరగనివి, మళ్లీ అవే నిండుతాయనుకున్నా."

"వెళ్లి వెనక్కి తీసుకురా!" అని అరిచాను.

ఆమె కదల్లేదు. నా చేతిలోని ఎర్ర కాగితాన్నే చూస్తోంది.

"ఇలాంటి కాగితం వాళ్లకి ఇవ్వలేదే. ఇన్నాళ్లూ ముట్టని బావినీళ్లు, బాగయ్యాయనుకుని తాగేస్తారు," అంది మెల్లగా.

మరుక్షణం చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. "తాగొద్దు! ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు!"

మా పిల్ల ఇంకా ఏడుస్తోంది. వెనక వీధి నుంచి మాత్రం ఒక్క పిల్ల ఏడుపూ వినిపించడం లేదు.