దించకూడని బరువు

"బరువు ఎవరు దించారు?"

గుమ్మంలో నిలబడి అడిగాడు ముసలాయన.

ఇంజనీరమ్మ కాగితాల్లోంచి తలెత్తింది. రబ్బరు పరీక్షించే ఆ ల్యాబులో అందరూ ఆయన్ని గీతల తాత అంటారు. నెలకోసారి వస్తాడు. వెనక గదిలో ఇనప గుండు కట్టి వేలాడదీసిన రబ్బరు పట్టీ ఎంత సాగిందో చూసి, గోడ మీద మేకుతో ఓ గీత గీసి, చెప్పాపెట్టకుండా పోతాడు.

"నేనే దింపించాను తాతగారూ. గదికి సున్నం కూడా వేయించాను. కావాలంటే కొత్త పట్టీ కడతాంలెండి."

"పందొమ్మిదేళ్లుగా సాగుతోంది తల్లీ అది. మళ్లీ పందొమ్మిదేళ్లు నేనెక్కణ్ణించి తెచ్చేది?"

ఆమెకు విసుగొచ్చింది. ఇరవై ఏళ్ల కిందట కూలిన పాత వంతెన చోట కొత్తది కట్టారు. దూలాల కింది రబ్బరు దిమ్మలు ముప్పై ఏళ్లకు మూడు మిల్లీమీటర్లకు మించి కుంగవని సాయంత్రంలోగా సంతకం చేయాలి. తలుచుకుంటేనే భయమేస్తోంది.

ముసలాయన ఆమె లెక్క వైపు వంగి చూశాడు. అందులో రబ్బరుకు బదులు ఒక స్ప్రింగు, దాని కదలికను నెమ్మదింపజేసే ఒక డంపరు గీసి ఉన్నాయి.

"డంపరు ఒక్కటేనా? స్ప్రింగు పక్కనున్నదేనా? ఎప్పటికీ జారుతూనే ఉండేది ఇంకోటి వద్దా?"

ఈ మాటలు ఈయన ఎక్కడ ఏరుకొచ్చాడో!

"ఒకటి చాలు. నాలుగు నెలలు కొలిచాం. కుంగడం ఆగింది."

"ఆగినట్టు కనిపిస్తుంది. ఆగదు. సంతకం పెట్టకు తల్లీ."

ఉన్న భయం చాలదన్నట్టు ఇదొకటి. ఆమెకు ఒళ్లు మండింది.

"మీ కాకమ్మ కథలు వినే తీరిక లేదు తాతగారూ. వెళ్లండి."

వెళ్లాడు. మళ్లీ రాలేదు.

వంతెన మీద బస్సులు తిరిగాయి. ఏడాదికి అక్కణ్ణించి ఫోనొచ్చింది.

"మేడమ్, దిమ్మలు అప్పుడే నాలుగు మిల్లీమీటర్లు కుంగాయి. ఆరు దాటితే దూలం పట్టు తప్పుతుంది. ఇక ఆగుతుందా?"

తన లెక్కే తప్పాక ఇంకెవర్ని అడగాలి? గోడ మీది తాత గీతలు గుర్తొచ్చాయి.

"లైన్లో ఉండండి," అని ఫోనుతోనే వెనక గదికి పరుగెత్తింది.

స్కేలు అంచుతో గోడ సున్నం గీకింది. ఒక్కో గీతా బయటపడింది. పైన ఎడంగా ఉన్నాయి, తర్వాత దగ్గరయ్యాయి, ఒకచోట ఆగినట్టే కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది.

ఇంకాస్త గీకింది.

ఆగలేదు. నెలకో గోరు మందం చొప్పున, ఆఖరి గీత దాకా దిగుతూనే ఉన్నాయి.

ఆ వేళప్పుడు వంతెన నిండా బడి బస్సులే.

"బండ్లన్నీ ఆపించండి!" ఫోన్లో అరిచింది. "ఇప్పుడే! తప్పు నాది. నేనే ఒప్పుకుంటాను."

అరుపు విని స్టోర్ కీపరు పరుగెత్తుకొచ్చాడు. ల్యాబు పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి.

"గీతల తాత ఎక్కడుంటారు బాబాయ్? వెళ్లి కాళ్లు పట్టుకోవాలి."

"పోయి మూడు నెలలైందమ్మా."

ఆమె గోడ మీది ఆఖరి గీతను తడిమింది.

"అసలు ఎవరాయన?"

స్టోర్ కీపరు గోడ మీది గీతల వైపు చూశాడు.

"పాత వంతెన కుంగదని సంతకం పెట్టిన ఇంజనీరు ఆయనేనమ్మా."