నారాయణ పేరిట అర్చన

రామలక్ష్మమ్మ మహానందికి పోయి నారాయణ పేరిట అర్చన చేయించిందట. ఈ మాట మోసుకొచ్చింది పక్కింటి సుంకులమ్మ. ఆమె కళ్లారా చూసింది లేదు, ఆమె ఆడబిడ్డ చూసిందట. కోనేట్లో మునిగి, తడిబట్టలతోనే పూజారి ముందు నిలబడి, నారాయణ పేరు, గోత్రం గట్టిగా చెప్పిందట.

"బాకీ ఎగ్గొట్టినోని పేరు దేవుని ముందర ఎందుకెత్తుతారు కృష్ణవేణీ?" అని గోడ మీదుగా అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది సుంకులమ్మ.

నారాయణ భార్య కృష్ణవేణమ్మ చేతిలో పని వదిలేసి మొగుడి కోసం ఎదురుచూసింది. అతను పని నుంచి రాగానే గడపలోనే నిలేసింది.

"ఆయమ్మ నిన్ను శపించను పోయిండాది. ఆ దుడ్లు ఆమెకిచ్చేయరాదా?"

"యాడ తెచ్చియ్యల్ల?" అన్నాడు నారాయణ. కానీ ఆ పూట సగం అన్నంలోనే లేచాడు.

నారాయణ బేతంచెర్ల స్టేషన్లో గూడ్సు గుమస్తా. ఊళ్లో తీసే నున్నటి బండలన్నీ రైలెక్కించేవాడి ఇంట్లో మట్టినేల ఏమిటని అందరూ ఎగతాళి చేస్తుంటే, రామలక్ష్మమ్మకు ప్రోనోటు రాసిచ్చి అప్పు తెచ్చాడు. ఇల్లంతా బండలు పరిపించాడు. అది ఆమె మొగుడు పోయాక ఎద్దులనమ్మి, చేలో బావి తవ్వించడానికి దాచుకున్న డబ్బు. ఉన్న కాస్తతో బావి మొదలుపెడితే సగంలో రాయి పడింది. దాన్ని పగలగొట్టే తూటాలు పేల్చడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

అడిగినప్పుడల్లా నారాయణ "ఉగాదికిస్తా" అనేవాడు. ఏ ఉగాదో చెప్పేవాడు కాదు. చివరికి ఆమె నంద్యాలలో దావా వేసింది. ప్రోనోటు మీది సంతకం తనది కాదన్నాడు నారాయణ. కోర్టు నమ్మలేదు, డిక్రీ ఆమెకే వచ్చింది. అయితే ఇల్లు నారాయణ తండ్రి పేర ఉంది. పొలం లేదు. పోనీ జీతమైనా జప్తు పెట్టించమంటే, అంత చిన్న జీతగాడి జోలికి కోర్టు రాదని వకీలు తల అడ్డంగా ఊపాడట. ఆ సంగతి తెలిసిన రోజు నారాయణ స్టేషన్లో అందరికీ టీ తాగించాడు.

అర్చన మాట విన్న వారానికి రామలక్ష్మమ్మే ఇంటికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, ఆ బండల మీదే చతికిలబడి, కొంగుముడి విప్పి విభూతి తీసింది.

"పెట్టుకో నారాయణప్పా. నీ పేరు మీదిదే."

నారాయణ దగ్గరికి రాలేదు. "ఏమని మొక్కినావు పెద్దమ్మా?"

"నీకు ఉద్యోగం పెరగల్లని."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిజంగానా?"

"విభూతి చేతిలో పెట్టుకోని అబద్ధం చెప్తానా? ఇప్పుడు జీతమెంతప్పా?"

"తొంభై రెండు."

"అయ్యో! ఇన్నేండ్లు చాకిరీ చేసినా అంతేనా? పెద్దగుమస్తావైతే?"

"నూటనలభై. దానికి పరీక్ష రాయల్ల. రెండు మాట్లు తప్పినా."

"తప్పవా మరి? సాయంత్రమైతే పేకాటకు పోతాండావంట. చదువుకోప్పా."

కన్నతల్లి పోయాక అతనితో అలా మాట్లాడినవాళ్లు లేరు. నారాయణ వంగి విభూతి పెట్టించుకున్నాడు.

ఆనాటి నుంచి సంతకు వచ్చినప్పుడల్లా రామలక్ష్మమ్మ ఆ గడప తొక్కేది. ఒకసారి చెంబుడు పెరుగు, ఒకసారి ఒడినిండా శనక్కాయలు. "యాడికొచ్చింది చదువు?" అని అడిగేది. ఒకరోజు నేరుగా గూడ్సు షెడ్డు వెనక్కే పోయి, పేకలు పంచుతున్న వాళ్ల మీద విరుచుకుపడింది.

"మీకు పనిల్యాకపోతే మీరాడుకోండి. ఈయప్పకు పరీక్షుండాది!"

"కన్నకొడుకును గూడా ఇట్ల చూడరు గదమ్మా!" అని ఒకడు నవ్వాడు.

బాకీ మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. అదే నారాయణను తినేసింది. పుస్తకం ముందేసుకుని ఆ చల్లటి బండల మీద కూర్చుంటే, కోర్టు బోనులో తానన్న మాట చెవిలో మోగేది. 'ఈ సంతకం నాది కాదు.' ఆ రోజు ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తనవైపు చూసి ఊరుకుంది. ఆ చూపు గుర్తొస్తే నారాయణ కింద చాప పరుచుకునేవాడు.

మూడోసారి పరీక్ష గట్టెక్కాడు. పెద్దగుమస్తాగా అదే స్టేషన్లో ఆర్డరు వచ్చింది.

మరునాడే భార్యాభర్తలు కొబ్బరికాయ, బెల్లం, రవికగుడ్డ పట్టుకుని రామలక్ష్మమ్మ చేనికి పోయారు. ఆమె సగం బావి గట్టున, బావులు తవ్వే నాగన్నతో మాట్లాడుతోంది. కింద నీటిచుక్క లేదు, నల్లటి రాయి పరుచుకుని ఉంది. నారాయణ ఆ రాతిని చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"నీ బాకీ మెల్లగా తీరుస్తా పెద్దమ్మా. ఈసారి నిజం చెప్తాండా."

"లెయ్యప్పా, లెయ్. ఆర్డరు చేతికొచ్చినాదా?"

"వచ్చింది."

"కొత్త జీతం ఎప్పటి నుంచి?"

"వచ్చే ఒకటో తేదీ నుంచే."

ఆమె నాగన్న వైపు తిరిగింది. "ఇంగ తూటాలకు చెప్పుకో నాగన్నా. దుడ్లొస్తాయి."

తన నోటిమాటను ఆమె ఇంకా నమ్ముతోందని నారాయణ చేతులెత్తి దండం పెట్టాడు. కృష్ణవేణమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆమె చేయి పట్టుకుంది.

"నీకు ఇంత అన్యాయం చేసినోళ్లం. మా కోసరం దేవునికి ఎందుకు మొక్కినావు పెద్దమ్మా?"

రామలక్ష్మమ్మ రవికగుడ్డను మడిచి నడుముకు దోపుకుంది.

"జీతం నూరు దాటితేనే కోర్టు జప్తు చేస్తాదంట తల్లీ."